ఇద్దరూ బతికే కథ

1952లో న్యూయార్క్‌లో గోల్డ్ మెడల్ బుక్స్ అనే పేపర్‌బ్యాక్ సంస్థ ఉండేది. అక్కడి సంపాదకుడు డిక్ కారొల్, మారిజేన్ మీకర్ అనే యువతి రాస్తానన్న నవలకు ఒప్పుకుంటూ రెండు షరతులు పెట్టాడు. ఆమె మనసులో ఉన్నది బోర్డింగ్ స్కూల్లో ప్రేమలో పడ్డ ఇద్దరమ్మాయిల కథ. స్కూలు వద్దు, కాలేజీకి మార్చమన్నాడు. కథ మాత్రం సుఖాంతం కాకూడదన్నాడు. ఈ రెండో షరతుకు సాహిత్యంతో సంబంధం లేదు. పుస్తకాలు తపాలాలో ఊరూరికీ వెళ్లాలి. ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకుని సుఖంగా ఉన్నారని రాస్తే తపాలా అధికారులు అశ్లీలమంటారు. ఆ ఒక్క పుస్తకం కోసం మిగతా కట్టలన్నీ తిప్పి పంపేస్తారు.

విన్ ప్యాకర్ అనే మారుపేరుతో ఆ నవల 'స్ప్రింగ్ ఫైర్' వచ్చింది. చివరికి ఒక అమ్మాయికి మతి చలిస్తుంది. రెండో అమ్మాయి తాను ఆమెను ఎన్నడూ ప్రేమించనే లేదని తేల్చుకుంటుంది. పుస్తకం దాదాపు 15 లక్షల ప్రతులు అమ్ముడైంది. అంతమంది చదవాలనుకున్న ప్రేమకథకు ఎలా ముగియాలో చెప్పింది తపాలా శాఖ.

ఈ షరతు చేసే హాని చివరి పేజీతో ఆగదు. చివరికి పిచ్చెక్కాల్సిన మనిషిలో మొదటి నుంచీ ఏదో లోపం కనిపించాలి. చావాల్సిన మనిషికి బతుకు మీద ఆశ ఉండకూడదు. ముగింపు ముందే ఖాయమైతే పాత్రను దానికి తగ్గట్టు చెక్కాల్సి వస్తుంది. అందుకే స్వలింగ ప్రేమకథల్లో నిజమైన మనుషులు అడుగుపెట్టిన చరిత్రా, ఆ కథలకు సుఖాంతం దక్కిన చరిత్రా ఒకటే. దాని వెనుక ఏ ఒక్కరో లేరు. రచయితలు, న్యాయమూర్తులు, గ్రంథాలయాల వాళ్లు, అందరికంటే ఎక్కువగా ఉత్తరాలు రాసిన పాఠకులు కలిసి సాధించిన మార్పు ఇది. ఆ పనికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

మిల్‌థార్ప్‌లో మొదలు

1913లో ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ భారతదేశంలో తొలి పర్యటన ముగించుకుని ఇంటికి చేరాడు. మన దేశానికి రావడానికి పెద్ద కారణం సయ్యద్ రాస్ మసూద్. 1906లో మసూద్‌కు లాటిన్ చెప్పడానికి కుదిరిన ఫార్‌స్టర్ ఆయన్ను ప్రేమించాడు. మసూద్ ఆ ప్రేమను ఆ రూపంలో అందుకోలేకపోయాడు గానీ స్నేహాన్ని చివరిదాకా వదల్లేదు. ఈ మసూదే తర్వాత నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరై, ఉస్మానియా విశ్వవిద్యాలయం రూపుదిద్దుకోవడంలో పాలుపంచుకున్నాడు. 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' అంకితం ఆయనకే.

ఆ ఏడాదే ఫార్‌స్టర్ డెర్బీషైర్‌లోని మిల్‌థార్ప్ అనే పల్లెకు వెళ్లాడు. అక్కడ కేంబ్రిడ్జిలో చదివిన రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్, మురికివాడలో పెరిగిన జార్జ్ మెరిల్ ఒకే ఇంట్లో దంపతుల్లా ఉంటున్నారు. ఆస్కార్ వైల్డ్‌కు 1895లో రెండేళ్ల కఠిన కారాగార శిక్ష వేసిన దేశంలో, దాపరికం లేకుండా కాపురం చేస్తున్న ఇద్దరు మగవాళ్లు వాళ్లు. మెరిల్ చనువుగా ఒకసారి తన నడుము కింద తట్టిన ఆ స్పర్శతో నవల మొత్తం మనసులోకి వచ్చేసిందని ఫార్‌స్టర్ చాలా ఏళ్ల తర్వాత రాసుకున్నాడు. స్పర్శ ఒక్కటే కాదు, ఆ ఇల్లు కూడా కారణమే అనిపిస్తుంది నాకు. ఇలాంటి జంట వంట చేసుకుని, తోట చూసుకుని, ముసలితనం దాకా కలిసి బతకగలదని ఆయన కళ్లారా చూశాడు.

1914 నాటికి 'మారిస్' పూర్తయింది. అందులో మొదటి కొత్తదనం కథానాయకుడు. మారిస్ హాల్ ఏ విధంగానూ తనలా ఉండకూడదని ఫార్‌స్టర్ పట్టుబట్టాడు. మారిస్ స్టాక్ బ్రోకర్. ఆరోగ్యవంతుడు, చూడచక్కనివాడు, కాస్త మందబుద్ధి, కాస్త డాబుసరి. ఈ ఎంపికలో లోతైన ఆలోచన ఉంది. కళాకారుడికో మేధావికో లోకం కొన్ని మినహాయింపులు ఇస్తుంది, ప్రతిభ పేరుతో తేడాను సహిస్తుంది. రోజూ రైలెక్కి ఆఫీసుకు వెళ్లే సగటు మనిషికి ఆ మినహాయింపు లేదు. వాడికి కూడా ప్రేమించే హక్కు ఉందా అని ఈ నవల అడిగింది.

రెండో కొత్తదనం ప్రేమికుల మధ్య భయం. పెద్దింటి మారిస్, వేటతోట కాపలాదారు అలెక్ స్కడర్ ఒక రాత్రి దగ్గరవుతారు. మర్నాటి నుంచే ఒకరంటే ఒకరికి అనుమానం. అలెక్ తనను బెదిరించి డబ్బు గుంజుతాడని మారిస్ భయపడతాడు. పనివాడినని తనను వాడుకుని వదిలేశాడని అలెక్ రగిలిపోతాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఇద్దరూ ఎదురుపడి, ఆ పంతాలు వాదించుకుని, వాదించుకుంటూనే కరిగిపోతారు. ప్రేమే నేరమైన కాలంలో బ్లాక్‌మెయిల్ నిజమైన ప్రమాదం. వర్గభేదం నిజమైన గోడ. వాళ్ల కష్టం వాళ్ల స్వభావంలో లేదు, చట్టంలోనూ ఆస్తిపాస్తుల్లోనూ ఉందని పాఠకుడికి ఆ ఘట్టంలో తెలిసిపోతుంది.

అర్జెంటీనాకు వెళ్లాల్సిన ఓడ ఎక్కకుండా అలెక్ ఆగిపోతాడు. ఇద్దరూ కలిసి బతకడానికి వెళ్లిపోతారు. ఇలా ముగియకపోతే ఆ పుస్తకం రాయడమే దండగ అని ఫార్‌స్టర్ నిశ్చయం. ఒక కుర్రాడు ఉరికి వేలాడుతున్నట్టు ముగిస్తే అచ్చువేయడం సులభమయ్యేదని ఆయనకు తెలుసు. డిక్ కారొల్ షరతు ఇంకా పుట్టకముందే ఫార్‌స్టర్ దాన్ని గుర్తించి, ఒప్పుకోలేదు. అందుకు చెల్లించిన మూల్యం పెద్దదే. రాతప్రతి దశాబ్దాల పాటు సొరుగులో ఉండిపోయింది. స్నేహితులకు మాత్రం చూపించేవాడు. ఈ జంట ఎక్కువ కాలం నిలవదని రచయిత లిటన్ స్ట్రేచీ 1915లో తేల్చేశాడు. ఆ విమర్శ విని ఫార్‌స్టర్ కథను మళ్లీ మళ్లీ సరిచేశాడు. అడవిలో కట్టెలు కొట్టుకుంటున్న ఇద్దరినీ మారిస్ చెల్లెలు చూసే చివరి అధ్యాయం ఎవరికీ నమ్మశక్యంగా లేకపోవడంతో దాన్ని తీసేశాడు. సుఖాంతం కావాలన్న పట్టుదల ఎంత ఉందో, అది నమ్మేలా ఉండాలన్న శ్రద్ధా అంతే ఉంది. ఇంగ్లండ్‌లో చట్టం 1967లో కొంత సడలింది. ఫార్‌స్టర్ 1970లో చనిపోయాడు. 'మారిస్' 1971లో వెలువడింది.

సానుభూతి సరిపోలేదు

ఈలోగా 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ 'ది వెల్ ఆఫ్ లోన్లీనెస్' ప్రచురించింది. అందులో స్టీఫెన్ గోర్డన్ అనే స్త్రీ, తన ప్రియురాలు మేరీకి మామూలు జీవితం దక్కాలని ఆమెను ఒక మగవాడి చేతుల్లోకి నెట్టి ఒంటరిగా మిగిలిపోతుంది. బూతు మాట ఒక్కటీ లేదు. ముగింపు నిండా త్యాగమే. అయినా లండన్‌లోని బో స్ట్రీట్ కోర్టులో ఆ నవంబరులో సర్ చార్టర్స్ బైరన్ దాన్ని అశ్లీలమని తేల్చి ప్రతులు ధ్వంసం చేయమన్నాడు. సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడ్డ రచయితల్లో ఫార్‌స్టర్, వర్జీనియా వూల్ఫ్ కూడా ఉన్నారు. ఎవరి సాక్ష్యమూ న్యాయమూర్తి వినలేదు.

ఆ నవల చేసిన మేలు చాలా పెద్దది. తమలాంటి వాళ్లు లోకంలో ఇంకా ఉన్నారని వేలమంది స్త్రీలకు దానివల్లే తెలిసింది. కానీ అది జాలిని అడిగిన నవల. తాను ఇలా పుట్టడానికి కారణమేమిటో వివరించడంలోనే స్టీఫెన్ జీవితమంతా గడిచిపోతుంది. పాత్ర సంజాయిషీ చెప్పుకుంటున్నంత సేపూ పాఠకుడు న్యాయమూర్తి కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి దిగి వచ్చి ఆమె పక్కన కూర్చోడు. ఆ కుర్చీ తీసేయగల రచయిత కోసం ఇంకో పాతికేళ్లు ఆగాల్సి వచ్చింది.

బొమ్మల కౌంటర్ దగ్గర

1948 డిసెంబరు. మన్‌హాటన్‌లోని బ్లూమింగ్‌డేల్స్ దుకాణంలో క్రిస్మస్ రద్దీ. బొమ్మల విభాగంలో పాట్రీషియా హైస్మిత్ అనే యువతి తాత్కాలిక ఉద్యోగం చేస్తోంది. ఆడవాళ్ల మీద తనకున్న ప్రేమను మార్చుకుని పెళ్లికి సిద్ధపడాలని మానసిక విశ్లేషణ చేయించుకుంటోంది. ఆ ఫీజు కోసమే ఈ ఉద్యోగం. ఒక రోజు ఖరీదైన మింక్ కోటు వేసుకున్న బంగారు జుట్టు స్త్రీ వచ్చి, కూతురికి బొమ్మ కొని, చిరునామా రాసిచ్చి వెళ్లిపోయింది. అంతకుమించి ఏమీ జరగలేదు. హైస్మిత్ ఆ సాయంత్రమే ఇంటికెళ్లి రెండు గంటల్లో ఒక నవలకు కథాసారం రాసుకుంది. వెంటనే జ్వరం తగిలింది. ఆటలమ్మ.

అప్పటికి ఆమె మొదటి నవల 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రెయిన్' ఇంకా రాలేదు. అది 1950లో వచ్చి, మరుసటి ఏడాది హిచ్‌కాక్ సినిమాగా తీశాక అందరూ ఆమెను సస్పెన్స్ రచయిత్రి అన్నారు. రెండో పుస్తకంగా ఈ ప్రేమకథ ఇస్తే పాత ప్రచురణకర్త వద్దన్నాడు. కవర్డ్-మెకాన్ సంస్థ 1952లో 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్' పేరిట వేసింది. రచయిత్రి పేరు క్లెయిర్ మోర్గన్ అని పెట్టించుకుంది హైస్మిత్. 'స్ప్రింగ్ ఫైర్' వచ్చిన ఏడాదే ఇది.

ఈ నవలలో తెరీజ్ వయసు పంతొమ్మిది. నాటకాలకు సెట్లు డిజైన్ చేయాలన్నది ఆమె కోరిక. చేతిలో డబ్బు లేదు, దుకాణం ఉద్యోగమంటే దిగులు. కారల్‌ది సంపన్న కుటుంబం. విడాకుల మధ్యలో ఉంది, ఒక కూతురు. తామెందుకు ఇలా ఉన్నామన్న ప్రశ్నతో ఈ ఇద్దరి జీవితాలూ నిండిపోవు. ఏం కావాలి, దానికోసం ఏం వదులుకోగలం అన్నదే వాళ్ల చింత. ఇద్దరూ కారులో పడమరకు ప్రయాణమవుతారు. భర్త పెట్టిన డిటెక్టివ్ వెంటపడి, హోటల్ గదుల్లో మాటలు రికార్డు చేస్తాడు. ఆ రుజువులు కోర్టులో కారల్‌ను కూతురికి దూరం చేస్తాయి. ఇక అలాంటి సంబంధాలు పెట్టుకోనని మాటిస్తే కొంత దక్కేది. ఆ మాట ఇవ్వడానికి ఆమె ఒప్పుకోదు. చివరి పుటల్లో తెరీజ్ తన ఇష్టంతో, కళ్లు తెరిచి, ఆమె వైపు నడిచి వెళ్తుంది.

దీన్ని సుఖాంతం అన్నారు పాఠకులు. జాగ్రత్తగా చూస్తే ఇందులో ఒక తల్లి కడుపుకోత ఉంది. హైస్మిత్ ఆ నష్టాన్ని దాచలేదు, దాన్ని పాపానికి శిక్షగానూ చూపలేదు. ఆ మూల్యం అన్యాయమని తెలిసేలా రాసింది. వాస్తవికత అంటే కష్టం ఉండటమూ కాదు, లేకపోవడమూ కాదు. ఆ కష్టం ఎవరు పెట్టిందో రచయితకు స్పష్టంగా తెలిసి ఉండటం.

1953లో పేపర్‌బ్యాక్ వచ్చి పది లక్షల ప్రతుల దాకా అమ్ముడైంది. ప్రచురణకర్త చిరునామాకు క్లెయిర్ మోర్గన్ పేరిట ఉత్తరాలు రావడం మొదలైంది. వారానికి రెండుసార్లు, ఒక్కో కట్టలో పదీ పదిహేనూ చొప్పున నెలల తరబడి వచ్చాయి. మగవాళ్లూ రాశారు, ఆడవాళ్లూ రాశారు. తమలాంటి వాళ్లు చావకుండా, పిచ్చెక్కకుండా ముగిసిన పుస్తకం ఇదే మొదటిసారి చదవడం అన్నారు. చిన్న ఊళ్లో ఒంటరిగా ఉన్నాం, ఎవరితో మాట్లాడాలి అని సలహా అడిగారు. తన పేరు ఆ పుస్తకం మీదికి రావడానికి హైస్మిత్ 1990 దాకా ఆగింది. 'కారల్' అన్న పేరుతో అది మళ్లీ వచ్చింది, 2015లో సినిమా అయింది.

ఉత్తరాలు, ఉత్తర్వులు

'స్ప్రింగ్ ఫైర్' చదివిన వాళ్లలో ఫిలడెల్ఫియాలోని ఒక యువ గృహిణి ఉంది. ఆమె మీకర్‌కు ఉత్తరం రాసింది. మీకర్ ఆమెను న్యూయార్క్‌కు పిలిచి డిక్ కారొల్‌కు పరిచయం చేసింది. ఆమె తెచ్చిన లావుపాటి రాతప్రతిలో ఇద్దరమ్మాయిల ప్రేమ ఒక మూలన ఉంది. మిగతాదంతా కొట్టేసి ఆ ఇద్దరి కథే రాయమన్నాడు కారొల్. 1957లో ఆన్ బానన్ అనే కలంపేరుతో 'ఆడ్ గర్ల్ అవుట్' వచ్చింది. అందులో ఇద్దరూ విడిపోతారు. కానీ లారాకు మతి పోదు, ప్రాణమూ పోదు. తానెవరో తెలుసుకుని, తల ఎత్తుకుని రైలెక్కి వెళ్తుంది. అయిదేళ్ల కిందట అదే సంస్థ విధించిన షరతు అప్పటికే బీటలు వారింది.

కోర్టుల్లోనూ ఆ పోరాటమే సాగింది. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చే 'వన్' అనే స్వలింగ ప్రేమికుల పత్రిక 1954 అక్టోబరు సంచికను పోస్ట్‌మాస్టర్ ఆటో ఒలెసన్ ఆపేశాడు. అభ్యంతరాల్లో ఒకటి 'శాఫో రిమెంబర్డ్' అన్న చిన్న కథ. అందులో ఒక యువతి తన ప్రియుణ్ణి వదిలి ఇంకో స్త్రీతో ఉండటానికి నిశ్చయించుకుంటుంది. అశ్లీలమైన వర్ణన కంటే ఆమె తీసుకున్న నిర్ణయమే, పత్రికకు వ్యతిరేకంగా తీర్పిచ్చిన అప్పీలు కోర్టును ఎక్కువ కలవరపెట్టిందని తీర్పు చదివితే తెలుస్తుంది. 1958 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు వాదనలు కూడా వినకుండా, క్లుప్తమైన ఉత్తర్వుతో ఆ తీర్పును కొట్టేసింది. స్వలింగ ప్రేమ గురించి రాయడమే అశ్లీలమన్న వాదన అక్కడితో పడిపోయింది.

విషాదాంతం తప్పని ఇక్కడ నేననడం లేదు. జేమ్స్ బాల్డ్విన్ 'జియోవనీస్ రూమ్' 1956లో వచ్చింది. అందులో జియోవనీకి మరణశిక్ష పడుతుంది. అయినా ఆ నవల నిజమైనది. ఆ వినాశనానికి మూలం డేవిడ్ పిరికితనం. తన ప్రేమను తానే ఒప్పుకోలేక ఎదుటివాడి బతుకు కూల్చిన మనిషి చరిత్ర అది. ఏ తపాలా అధికారీ రాయించని విషాదం.

మరో మలుపు తిప్పింది ఆల్మా రౌట్‌సాంగ్. 1820 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో మేరీ ఆన్ విల్సన్ అనే చిత్రకారిణి ఒక స్నేహితురాలితో కలిసి పొలం చేసుకుని బతికిందని ఆమెకు తెలిసింది. ఆ రెండు మూడు వివరాల మీద నవల అల్లి, ప్రచురించేవాళ్లు లేక 1969లో ఇసబెల్ మిల్లర్ పేరుతో తానే వెయ్యి ప్రతులు వేయించి, స్త్రీల సమావేశాల్లో చేతులతో అమ్మింది. 1971లో అమెరికన్ గ్రంథాలయ సంఘంలోని ఒక బృందం తన మొదటి పురస్కారాన్ని ఆ పుస్తకానికే ఇచ్చింది. మరుసటి ఏడాది పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని 'పేషెన్స్ అండ్ సారా' పేరుతో తెచ్చింది. పంట, అప్పు, పశువులు, తండ్రి దెబ్బలు, రంగుల డబ్బా, వీటన్నిటి మధ్యా ఇద్దరాడవాళ్ల ప్రేమ. స్వలింగ ప్రేమను మానసిక రోగాల జాబితా నుంచి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973 డిసెంబరులో గానీ తీసేయలేదు. డాక్టర్లు ఒప్పుకోకముందే నవలలు ఒప్పుకున్నాయి.

మన భాషల్లో

మన దేశంలో ఈ కథ వేరే దారిలో నడిచింది. హిందీలో పాండేయ బేచన్ శర్మ 'ఉగ్ర' 1927 నాటి 'చాక్లెట్' కథలు, మగవాళ్ల మధ్య ప్రేమను ఖండించడానికే రాశానని ఆయన చెప్పుకున్నవి. ఉర్దూలో ఇస్మత్ చుగ్తాయ్ 1942లో 'లిహాఫ్' రాస్తే లాహోర్‌లో కేసు పెట్టారు. ఆమె నిర్దోషిగా బయటపడింది. ఆ కథలో బేగం ఒంటరితనం అబద్ధం కాదు. కానీ మనం ఆమెను భయపడిన చిన్నపిల్ల కళ్లతోనే చూస్తాం. ఆమె మనసులోకి వెళ్లం.

లోపలికి వెళ్లే తలుపు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. మరాఠీలో సచిన్ కుండల్కర్ 2006లో 'కోబాల్ట్ బ్లూ' రాశాడు. ఇంట్లో అద్దెకు దిగిన యువకుణ్ణి అన్నాచెల్లెళ్లిద్దరూ ప్రేమిస్తారు. అతను మాయమైపోతే ఇద్దరూ ఎవరి కథ వాళ్లు చెబుతారు. చెల్లెలి దుఃఖం ఇల్లంతా మార్మోగుతుంది. అన్న దుఃఖం ఎవరికీ వినిపించదు. ఒకే ఇంట్లో ఒకే బాధకు దొరికే రెండు రకాల మర్యాదను పక్కపక్కన పెట్టి చూపడంతోనే పుస్తకం మొత్తం చెప్పేసింది. కన్నడంలో వసుధేంద్ర 2013లో 'మోహనస్వామి' కథలు తెచ్చాడు. బళ్లారి వైపు చిన్న ఊరి బాల్యం, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కలిసి బతికిన ప్రియుడు వేరే పెళ్లికి సిద్ధపడటం. మోహనస్వామి అసూయపడతాడు, బతిమాలతాడు, చిన్నబుచ్చుకుంటాడు. ఎవరికీ ఆదర్శంగా నిలబడే బాధ్యత అతని మీద లేదు. అందుకే అతను మనకు తెలిసిన మనిషిలా ఉంటాడు.

తెలుగులో బలమైన అడుగు ఒక ఆత్మకథతో పడింది. ఎ. రేవతి జీవితాన్ని పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నుంచి పరస్పర అంగీకారంతో సాగే ప్రేమను తప్పించింది. వివాహ సమానత్వం కోసం సుప్రీంకోర్టుకెక్కిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్ జంట. 2021 డిసెంబరులో బంధుమిత్రుల ముందు వేడుక చేసుకున్నారు. 2023 అక్టోబరు 17 నాటి తీర్పు వాళ్లకు వివాహ హక్కు ఇవ్వలేదు. వాళ్లు మాత్రం కలిసే ఉన్నారు.

ఈ జీవితాలు మన మధ్య ఉండగా, అంత నిండైన తెలుగు ప్రేమకథల కోసం ఇంకా వెతుక్కోవాల్సి వస్తోంది. రాయడానికి కావలసిన సరుకంతా చుట్టూ ఉంది. అమీర్‌పేట హాస్టల్లో ఒకే గది పంచుకున్న ఇద్దరు, సంక్రాంతికి ఇంటికెళ్తే ఎదురయ్యే పెళ్లిచూపులు, కులం ఒకటి కాకపోతే రెట్టింపయ్యే భయం, డాలస్‌లో కలిసి ఉంటూ వీడియో కాల్ వచ్చినప్పుడల్లా ఒకరు పక్క గదిలోకి వెళ్లే ఇల్లు, అంతా తెలిసీ ఏమీ అడగని అమ్మ. ఈ కథ రాయబోయేవాళ్లకు పై చరిత్ర కొన్ని గట్టి పనులు నేర్పింది. పాత్రకు ఒక ఉద్యోగం, ఒక ఊరు, ఒక చెడ్డ అలవాటు ఇవ్వాలి. ఎందుకిలా పుట్టావని ఆమెను అడగడం మాని, ఏం కావాలని అడగాలి. కష్టం వస్తే అది ఏ ఇంటి నుంచి, ఏ చట్టం నుంచి వచ్చిందో పేరుపెట్టి చూపాలి. రాసినదాన్ని ఆ జీవితం బతుకుతున్న వాళ్లకు చదివించి, వాళ్లు నమ్మని చోట ఫార్‌స్టర్‌లా మళ్లీ రాయాలి. ముగింపు సుఖమైనా దుఃఖమైనా ఆ ఇద్దరి నిర్ణయాల్లోంచే రావాలి. అలాంటి తెలుగు నవల అచ్చయిన రోజున దానికీ ఉత్తరాలు వస్తాయి. రాసేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికే ఉన్నారు.